గంటల లెక్క

కొరుక్కుపేటలో మా తెలుగు బడి గోడకి అవతల
గూడ్సు బండి పట్టాలు.
రోజుకి పదకొండుసార్లు పాఠం ఆగుతుంది.
సుద్దముక్క పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉంచి నిలబడతాను.
బండి పోయాక "ఎక్కడున్నాం?" అంటాను.
ముప్పై ఒక్క గొంతులు చెబుతాయి.
జీవరత్నం చెప్పడు.

జూన్‌లో వాడు నాకు ఒక ఫిర్యాదు మాత్రమే.
నోటుబుక్కులో సగం లెక్క,
మిగతా సగం చోట పెన్సిలు చెక్కిన పొట్టు.
బెంచీ కింద కాళ్ళు
ఎవరిదో కుట్టుమిషను తొక్కుతున్నట్టు.
"అంతా కిటికీ వల్లే" అన్నారు స్టాఫ్‌రూములో.
సరేనని గోడవారకి మార్చాను.
రెండు రోజుల్లో సున్నం గోకి
గోడకి గుంట పెట్టాడు.
నేను తిట్టిన తిట్టు ఇక్కడ రాయను.

ఆ మధ్యాహ్నం పన్నెండో ఎక్కం.
బండి వచ్చింది, చాలాసేపు వచ్చింది, పోయింది.
నేను అడగకముందే, గోడవైపు తిరిగే ఉండి, వాడు:
"యాభై ఎనిమిది, టీచర్.
చివరిదానికి ముందుది ఖాళీ, చప్పుడు వేరే.
పన్నెండేళ్ళు ఎనభై నాలుగు దగ్గర ఆపారు మీరు."

చిన్నప్పుడు తాతయ్య వేలు పట్టుకుని
సూళ్ళూరుపేటలో ఒక అవధానం చూశాను.
పద్యాలు అడిగేవాళ్ళు అడుగుతుంటే
ఒకాయన "వంకాయలు కిలో ఎంత?" అని అడ్డుపడ్డాడు,
అదీ ఆటలో భాగమేనట.
వెనకెక్కడో ఒక కుర్రాడు
తోచినప్పుడల్లా గంట కొట్టాడు.
ఆఖర్న అవధాని మంచినీళ్ళు తాగి
"గంటలు నలభై మూడు" అన్నాడు.
సభంతా లేచింది. శాలువా కప్పారు.

మా బళ్ళో అదే పని చేసినవాణ్ణి
గోడవారకి నెట్టింది నేను.

వాణ్ణి అవధాని అననులెండి.
మర్నాడు టిఫిను డబ్బా మర్చిపోయాడు,
చెప్పులు మర్చిపోయాడు,
కూడికలో పక్కన పెట్టుకున్న ఒకటినీ మర్చిపోయాడు.

కిటికీ మాత్రం తిరిగి ఇచ్చేశాను.
తండయార్‌పేట సైకిల్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగి తెచ్చి
బెంచీ కాళ్ళకి అడ్డంగా కట్టాను.
తన్నుకో, ఎంతైనా తన్నుకో, చప్పుడు రాదు.
పది లెక్కల కాగితాన్ని నాలుగు చీలికలు చేశాను.
ఒక్కో చీలికా అయ్యాక లేచొచ్చి నా బల్ల మీద పెట్టాలి.
ఆ నాలుగడుగుల నడక కోసమే లెక్కలు చేస్తాడని తెలుసు.
చెయ్యనీ.
పేరు పెట్టి పిలవడం మానేశాను,
వాడి చెవికి వాడి పేరు
తిట్టులో మొదటి మాట.
అటుగా వెళ్తూ బెంచీ మూల
రెండు వేళ్ళతో తడతాను, అంతే.
హాజరు పట్టీ హెడ్మాస్టరు గదికి వాడే మోస్తాడు.
మరీ కదిలిపోతున్న రోజున అదే పట్టీ రెండోసారి పంపుతాను.
"ఇందాకే వచ్చిందిగా?" అన్న చీటీతో
పరిగెత్తుకుంటూ తిరిగొస్తాడు.

అన్నీ పనిచెయ్యవు. మంగళవారం ఏదీ పనిచెయ్యలేదు.
ట్యూబు తెగి నళినాక్షి మోకాలికి తగిలింది.
"వాడొక్కడికే ఎందుకు చీలికలు?" అంది ఆ పిల్ల ఏడుస్తూ.
నా దగ్గర జవాబు లేదు. కత్తెర ఉంది.
తనకీ కత్తిరించాను. ఆ తర్వాత అందరికీ.

వాళ్ళమ్మ కనకమేరి
వీధులు ఊడ్చి, కార్పొరేషన్ కోటుతోనే వచ్చింది.
"కొట్టండి టీచర్, నేనేం అనను."
ఎందరు టీచర్లు ఆమె చేత
ఆ మాట కంఠస్థం చేయించారో.
మూడు చీలికలు ఆమె ముందు పరిచాను.
చదవలేదు. టిక్కుల మీద వేలు పెట్టి లెక్కపెట్టింది.
"నాలుగోది ఏది?" అంది.
వాడి జేబులో ఉంది, పడవై.

ఇప్పుడు బండి వస్తే
సుద్దముక్క కింద పెట్టి నేనూ లెక్కపెడుతున్నాను.
ఇరవై రెండు దాకా వస్తాను.
గ్యాసు బుక్ చెయ్యాలి, అక్కకి ఫోన్ చెయ్యాలి,
పాలు పొద్దున విరిగాయి...

నా బల్ల మూల
రెండు వేళ్ళతో తట్టిన చప్పుడు.

"నలభై ఆరు, టీచర్.
ఇంజను కాకుండా."